పుంజులకేనా చరిత్ర?

సంక్రాంతి సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని అడుగుతూ మన సంపాదకులు ముందే షరతు పెట్టారు. "డాక్టరు గారూ, మీరు పల్నాటి వారు కదా అని మళ్లీ కోడిపందేల మీద రాసేరు! అవి ఇప్పటికే రెండు వచ్చాయి" అన్నారు. సరేనన్నాను. పందేల జోలికి పోను. కానీ కోడిని వదలడం మాత్రం నావల్ల కాదు. అందుకు కారణం మా పెరట్లో ఉంది.

మా పల్నాట్లో చరిత్ర కోడిపుంజుతోనే మొదలవుతుంది. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడి పుంజూ నాగమ్మ పుంజూ పోరాడటం, ఓడిన బ్రహ్మనాయుడి వారు ఏడేళ్లు మాచర్ల విడిచి పోవడం, గడువు తీరాక కారంపూడి దగ్గర యుద్ధం జరగడం చిన్నప్పుడు మాకు అన్నంతోపాటు కలిపి పెట్టిన కథ. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల వెంట తిరిగే మిత్రులిద్దరూ కోడిపందెం చూస్తారు. డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగును బట్టి పేర్లు పెట్టి, ఏ రోజున ఏది గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రమే మనకుంది. ఇంత సాహిత్యంలో పెట్ట ఎక్కడ? గుడ్డు పెడుతుంది, పొదుగుతుంది, పిల్లల్ని గద్దల నుంచి కాపాడుతుంది, చివరకు పండగనాడు పులుసులో కనిపిస్తుంది. అంతే. పెట్టలకూ రాజ్యాలూ యుద్ధాలూ ఉంటాయని నాకు నలభై దాటాక, ఒహాయోలో తెలిసింది.

2020 వసంతం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నేను ఆసుపత్రి నుంచి వచ్చి గరాజులోనే బట్టలు మార్చుకుని లోపలికి వెళ్లే రోజులవి. పిల్లలకు బడి లేదు. సరిగ్గా అప్పుడే అమెరికాలో చాలామందికి ఒకేసారి కోళ్లు పెంచాలన్న బుద్ధి పుట్టింది. హేచరీల్లో పిల్లలు దొరకడమే గగనమైపోయింది. మా అమ్మాయి పోరు పడలేక ఆరు పిల్లలు తెచ్చాం. మా ఊరి నిబంధనల ప్రకారం ఆరు పెట్టల వరకు పెంచుకోవచ్చు, పుంజు మాత్రం నిషిద్ధం. పేర్లు పెట్టే బాధ్యత మా ఆవిడ తీసుకుంది. సావిత్రి, అంజలి, కన్నాంబ, జమున, ఛాయాదేవి, సూర్యకాంతం.

పేరు పెట్టిన వేళావిశేషమో ఏమో గానీ (ఆ మహానటి ఆత్మ నన్ను మన్నించుగాక) మా సూర్యకాంతం అచ్చం పేరుకు తగ్గట్టే తయారైంది. అది రోడ్ ఐలండ్ రెడ్ జాతి. 1954లో రోడ్ ఐలండ్ వారు తమ రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్న జాతి, గుడ్లకూ గడుసుతనానికీ పేరుపడ్డది. మేత తొట్టి ముందు నిలబడి ఎవరినీ రానిచ్చేది కాదు. అందరిలోకీ మెత్తనిది ఆర్పింగ్టన్ జాతి సావిత్రి. దాని వీపు మీద ఈకలు ఒక్కొక్కటీ పీకేది. ఒకరోజు ఉదయం మా అమ్మాయి ఏడుస్తూ లోపలికి వచ్చింది. వెళ్లి చూస్తే సావిత్రి గూటి మూలన తల దూర్చుకుని నిలబడి ఉంది. వీపంతా నెత్తురు.

గాయం కడిగి, దాన్ని వేరుగా పెట్టాను. పని దగ్గర ఒక స్నేహితుడికి చెబితే, పల్లెటూళ్లో పెరిగినవాడు కాబట్టి, ఆదివారం భోజనంలోకి సరిపోతుంది కదా అన్నాడు. మా ఆవిడా కాదనలేదు. మా అమ్మాయి మాత్రం, "అది ఎందుకలా చేస్తోందో తెలుసుకోకుండా చంపేస్తారా?" అని అడిగింది. రోగ నిర్ధారణ చేయకుండా చికిత్స మొదలుపెట్టే వైద్యుణ్ణి మేము ఏమంటామో నాకు తెలుసు. అందుకని ఆ వారమంతా పుస్తకాల ముందు కూర్చున్నాను. నాకు దొరికిన చరిత్ర ఇది.

మన కోళ్లన్నిటికీ మూలపురుషుడు ఆగ్నేయాసియా అడవుల్లోని ఎర్ర అడవి కోడి. 2022లో వెలువడిన పరిశోధనల ప్రకారం, పెంపుడు కోడివని నమ్మకంగా చెప్పగల ఎముకల్లో అన్నిటికన్నా పాతవి థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి. అవి క్రీస్తుపూర్వం 1650-1250 మధ్యకాలానివి. మనిషి వరి, చిరుధాన్యాల వంటి పంటలు పండించడం మొదలుపెట్టాక, ఆ గింజల కోసం కోడి తానే ఊరి అంచుకు వచ్చిందని వారి ఊహ. అడవి కోళ్లు చిన్న గుంపులుగా బతుకుతాయి. ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడతాయి. నేటి ఫారం పెట్ట మూడు వందలు పెడుతుంది. అడవిలోనూ కోళ్లు కొట్టుకుంటాయి. కానీ ఓడిన కోడి పొదల్లోకి పారిపోతుంది. మా సావిత్రి ఎక్కడికి పారిపోతుంది? చుట్టూ తీగల కంచె.

అమెరికాకు కోళ్ల పిచ్చి పట్టింది 1849లో. ఆ నవంబరులో బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌లో ఈ దేశపు తొలి కోళ్ల ప్రదర్శన జరిగింది. చైనా నుంచి వచ్చిన పెద్ద పెద్ద కోళ్లను చూసి జనం వెర్రెత్తిపోయారు. అప్పట్లో ప్రచారంలోకి వచ్చిన ఒక జాతికి మన బ్రహ్మపుత్ర పేరు మీద బ్రహ్మ అని పేరు పెట్టారు. మనవాళ్లకు గర్వకారణమైన సంగతి మరొకటి ఉంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో 19వ శతాబ్దంలో మన అసీలు పందెం కోళ్లను అక్కడి కోళ్లతో కలిపి ఒక జాతిని తయారు చేశారు. దాన్ని వారు ఇండియన్ గేమ్ అన్నారు, ఇక్కడివారు కార్నిష్ అంటారు. ఈ కార్నిష్‌నూ ప్లిమత్ రాక్‌నూ కలపగా వచ్చిన సంతానమే నేటి బ్రాయిలర్. అంటే ఇక్కడ సూపర్ మార్కెట్లో మనం కొనే చికెన్‌లో కూడా పందెం కోడి నెత్తురు కాస్త ఉందన్నమాట.

కోళ్లను వేల సంఖ్యలో ఒకచోట పెంచడం మొదలయ్యాక సూర్యకాంతాల సమస్య పెద్దదైంది. 1903లో టెన్నెసీకి చెందిన ఆండ్రూ జాక్సన్ అనే ఆయన (ఆ పేరుగల అధ్యక్షుడు కాదు) కోళ్లకు కళ్లజోడు కనిపెట్టి పేటెంటు పుచ్చుకున్నాడు. ఎదుటి కోడి పొడిచినా కన్ను పోకుండా ఉండేందుకు. తరువాత ఎర్ర అద్దాల కళ్లజోళ్లూ అమ్మారు. లోకమంతా ఎర్రగా కనిపిస్తే నెత్తురు విడిగా కనిపించదని వారి తర్కం. కోళ్లకు కాంటాక్టు లెన్సులు అమ్మబోయిన కంపెనీ కథను హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1970లలో తన విద్యార్థులకు పాఠంగా పెట్టింది. మన సంఘంలో ఎం.బి.ఏ. చదివినవారు నవ్వుకుంటూ ఉండాలి ఈపాటికి.

కళ్లజోడుతో పని జరగకపోతే ముక్కే కోసేశారు. కోళ్ల ముక్కు కొన కత్తిరించే పద్ధతి 1930లలో రూపుదిద్దుకున్నది మా ఒహాయో రాష్ట్రపు వ్యవసాయ ప్రయోగ కేంద్రంలోనే. గోరు తీసినట్టే కదా అని చాలాకాలం అనుకున్నారు. కానీ ముక్కు గోరు కాదు, లోపల నరాలున్నాయి. తెగిన చోట ఆ నరాల చివరలు ముడులు పడతాయని 1980లలో బ్రిటన్ శాస్త్రజ్ఞులు చూపించారు. కాలు తీసేసిన రోగులకు మొండి భాగంలో ఇలాంటి ముడులే నొప్పి పెడతాయి. ఆ నొప్పి ఎలాంటిదో నా రోగులు నాకు చెప్పారు. నార్వే, స్వీడన్, ఫిన్లండ్ దేశాలు ఈ పద్ధతిని నిషేధించాయి.

ఈ చరిత్రలో మనవాళ్ల పాలూ ఉంది. హైదరాబాదులో పుట్టిన బి.వి. రావు గారు 1971లో స్థాపించిన వెంకటేశ్వర హేచరీస్‌తోనూ, 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘంతోనూ కోళ్ల పెంపకం మన రైతులకు పరిశ్రమగా మారింది. గుడ్ల ఉత్పత్తిలో నేడు ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానంలో ఉంది. తణుకు, అనపర్తి వైపు వెళ్లినవారికి ఆ షెడ్ల వరసలు తెలిసినవే. మనకు అంగన్‌వాడీ పిల్లవాడి కంచంలోకి గుడ్డు వచ్చిందంటే ఆ షెడ్ల పుణ్యమే. కానీ పెట్ట మాటకొస్తే, పెరడంతా తిరిగినది పంజరానికి పరిమితమైంది.

ఇంతకూ పెట్టలు ఎందుకు పొడుచుకుంటాయి? ఈ ప్రశ్నకు మొదట బదులు చెప్పినవాడు నార్వే దేశస్థుడు థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే ఇంటి కోళ్లను గంటల తరబడి చూస్తూ, ఎవరు ఎవరిని పొడిచారో పుస్తకంలో రాసుకునేవాడట. అదే 1921లో జర్మన్ భాషలో అతని సిద్ధాంత వ్యాసమైంది. ఏ రెండు పెట్టలు కలిసి బతికినా, అందులో ఎవరు పైనో ఎవరు కిందో ఆ రెండిటికీ తెలుసునని అతను కనుగొన్నాడు. పై దానికి పొడిచే హక్కు ఉంది. కింది దానికి తప్పుకునే బాధ్యత ఉంది. నేడు మనం ఆఫీసుల్లో పెకింగ్ ఆర్డర్ అంటున్న మాట ఇక్కడిదే. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, ఆ మూడోది తిరిగి మొదటిదాన్ని పొడిచే చిత్రమైన త్రికోణాలు కూడా అతను చూశాడు.

అతని తరువాత ఈ పని అమెరికాకు వచ్చింది. 1939లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆలీ అనే ఆచార్యుడూ ఆయన శిష్యులూ అడుగు వరసలో ఉన్న పెట్టలకు టెస్టోస్టిరాన్ సూది మందు ఇచ్చారు. వాటి జుట్టులు ఎర్రగా పెరిగాయి, అవి వరసలో పైకి ఎగబాకాయి. గయ్యాళితనం పుట్టుకతో వచ్చిన శాపమేమీ కాదని నాలోని వైద్యుడికి అర్థమైంది. 1944లో ఆలీ, గూల్ కలిసి ఇంకొక సంగతి చూపించారు. మాటిమాటికీ కోళ్లను మార్చే గుంపులో పోట్లాటలు ఎక్కువ, తిండి తక్కువ, గుడ్లు తక్కువ. ఒక వరస స్థిరపడిన గుంపు మాత్రం ప్రశాంతంగా బతుకుతుంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది 1996లో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి విలియం మ్యూర్ ప్రచురించిన ప్రయోగం. అంతకుముందు దశాబ్దాలుగా కోళ్లను ఎలా ఎంచేవారు? ఏ పెట్ట ఎక్కువ గుడ్లు పెడితే దాని సంతానాన్ని నిలిపేవారు. కానీ పంజరంలో పక్కవాళ్లను పొడిచి, వాళ్ల మేత కూడా తిని, అందరికన్నా ఎక్కువ గుడ్లు పెట్టే పెట్ట కూడా ఆ లెక్కలో ఉత్తమురాలే! మ్యూర్ ఒక్కొక్క పెట్టను ఎంచడం మానేశాడు. ఒకే కుటుంబపు పెట్టల్ని ఒక పంజరంలో ఉంచి, మొత్తంగా ఏ కుటుంబం బాగా బతికి గుడ్లు పెట్టిందో ఆ కుటుంబాన్ని ఎంచాడు. ముక్కులు కత్తిరించలేదు. రెండో తరంలో ఏడాదికి 68 శాతం పెట్టలు చనిపోయాయి. నాలుగో తరానికి వచ్చేసరికి చావులు 8.8 శాతానికి దిగాయి. లెక్కకు పెట్టిన ఒక్కొక్క పెట్టకు గుడ్లు 91 నుంచి 237కు పెరిగాయి. కళ్లజోళ్లూ కత్తెరలూ వందేళ్లలో సాధించలేనిది, ఎంచే పద్ధతి మార్చితే కొద్ది తరాల్లో జరిగింది.

ఇక మా పెరటికి వద్దాం. తరం తరం ఎంచే ఓపిక నాకు లేదు, ఉన్నవి ఆరు పెట్టలు. మొదట నేను సావిత్రిని వేరుపెట్టడమే పొరపాటని తెలిసింది. దెబ్బ తిన్నదాన్ని తీసేసి మళ్లీ తెస్తే అది వరసలో ఇంకా కిందికి పోతుంది. తీయవలసింది కొట్టేదాన్ని. గాయం ఆరిన సావిత్రిని గూటిలోకి పంపి, సూర్యకాంతాన్ని కుక్కల కోసం అమ్మే తీగల పెట్టెలో పెట్టి, మిగతా వాటికి కనపడకుండా గరాజులో ఒక వారం ఉంచాను. రాజ్యం పోయిన రాణి తిరిగి వస్తే కొత్తగా వచ్చినదానితో సమానమన్నమాట.

అసలు వింత రెండో రోజున జరిగింది. మేత తొట్టి దగ్గర సావిత్రి నిలబడి జమునను పొడుస్తోంది! వీపు మీద కొత్త ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు. అయినా సరే, సరిగ్గా సూర్యకాంతం నిలబడిన చోటే నిలబడి, అదే తీరున మెడ చాచి పొడుస్తోంది. మా అమ్మాయి నా వైపు చూసింది. నేనేమీ మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. దొడ్లో పాతిక కోళ్లుండేవి. కొత్త కోడిని కొనితెస్తే దాన్ని మూడు రోజులు దొడ్డి మధ్యలో గంప కింద మూసేది. పాతవన్నీ గంప చుట్టూ తిరిగి, సందుల్లోంచి తొంగి చూసి, నాలుగు పోట్లు పొడిచి విసుగెత్తి పోయేవి. అప్పుడు ఒక సాయంత్రం, అవి గూడు చేరాక, గంప ఎత్తేది. నూకలు ఎప్పుడూ ఒకచోట పోసేది కాదు, దొడ్డంతా విసిరేది. ఏరుకోలేవు కదా అని నేనంటే, "ఒకచోట పోస్తే ఒకటే తింటది రా అబ్బాయ్. చల్లితే అన్నీ తింటయ్" అనేది. షికాగో, పర్డ్యూల పేర్లు ఆవిడ విని ఉండదు.

మర్నాడే ఇంకో రెండు తొట్లు, ఇంకో నీళ్ల పాత్ర తెచ్చి, ఒకదానికొకటి కనపడని చోట్ల పెట్టాను. కంచెను వెనక్కి జరిపి చోటు పెంచాను. వేరువేరు ఎత్తుల్లో కర్రలు కట్టాను. నూకలు పెరడంతా చల్లాం. వారం తరువాత సూర్యకాంతం తిరిగి వచ్చి, రెండు రోజులు గొడవపడి, మూడో స్థానంలో కుదురుకుంది. ఈనాటికీ వరస ఉంది, పొడుచుకోవడమూ ఉంది. నెత్తురు మాత్రం మళ్లీ చూడలేదు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇది చరిత్ర కాదు, సొంత గొడవ. నేను ఈ దేశంలో రెసిడెన్సీలో చేరిన మొదటి ఏడాది, నాకన్నా ముందు వచ్చిన మన తెలుగాయనే ఒకాయన శని ఆదివారాల డ్యూటీలన్నీ నా మీద వేసేవారు. "మేమూ ఇలాగే పడ్డాం" అనేవారు. రెండేళ్లు తిరిగేసరికి నేను సీనియర్నయ్యాను. వరంగల్ నుంచి ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. సంక్రాంతి రోజున కూడా అతనికే డ్యూటీ వేశాను. నోటి వెంట అదే మాట వచ్చింది. సావిత్రిని ఆ తొట్టి దగ్గర చూసేదాకా ఆ సంగతి నాకు గుర్తే లేదు. మొన్న దసరాకు అతనికి ఫోను చేసి, తప్పయిందన్నాను. అతను నవ్వి, "అదేం గుర్తు లేదన్నా" అన్నాడు. ఆ నవ్వుకు ముందు కాస్త ఆగాడు. గుర్తుందని అప్పుడే తెలిసింది.

మన సంఘంలోనూ ఏటేటా కొత్తవాళ్లు వస్తున్నారు. విద్యార్థులు, కొత్తగా పెళ్లయి వచ్చినవారు, పిల్లల్ని చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు. పండగనాడు హాలు వెనక గోడను ఆనుకుని నిలబడతారు. భోజనాల వరసలో చివరన ఉంటారు. వారి వంతు వచ్చేసరికి గారెలు అయిపోతాయి. ఈసారి వడ్డన కమిటీలో నేనున్నాను. భోజనాల బల్లలు హాలుకు నాలుగు మూలలా వేయిద్దామని అధ్యక్షుల వారికి మనవి చేసుకున్నాను. కారణం అడిగితే మా నాయనమ్మ చెప్పిందన్నాను.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. నాటు గుడ్లు కావలసినవారు ఆ రోజు నన్ను కలవండి. సూర్యకాంతం ఇంకా పెడుతూనే ఉంది.